చెన్నైలో పడవ ఎక్కాలంటే ఏ నీటికి వెళ్ళాలి?

పోయిన సంక్రాంతికి రాజమహేంద్రవరం నుంచి మా మామయ్య, అత్తయ్య పెరంబూరులో ఉన్న మా ఇంటికి వచ్చారు. భోగి నాడు కాఫీ తాగుతూ మామయ్య ఫోనులో ఊరి పటం చూశారు. "ఏరా, ఊరి మధ్యలోంచి రెండు నదులు పోతున్నాయి కదా. ఒక సాయంత్రం లాంచీ ఎక్కించి మీ ఊరు చూపించకూడదూ?" అన్నారు. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి లెక్కలో నది ఉంటే రేవు ఉంటుంది, రేవు ఉంటే పడవ ఉంటుంది. చెన్నైలో నదులు రెండున్నా, చుట్టాన్ని తీసుకెళ్ళి ఎక్కించడానికి రేవు ఒక్కటీ లేదు. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో తెలియక కాఫీ గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళాను.

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. విజయవాడ వాళ్ళు భవానీ ద్వీపాన్ని, హైదరాబాదు వాళ్ళు హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి మనసులో పెట్టుకొని ఇదే అడుగుతారు. ఇరవై ఏళ్ళలో పిల్లలను ఒక చోటికి, ముసలివాళ్ళను ఇంకో చోటికి, కొత్త పెళ్ళికొడుకును మరో చోటికి తిప్పాను. చాలాసార్లు తప్పు మనిషిని తప్పు నీటికి తీసుకెళ్ళాను. ఆ తప్పుల లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

నదులున్నాయి, పడవలేవి?

కూవం తిరువళ్ళూరు జిల్లాలో అదే పేరున్న ఊరి దగ్గర మొదలై, 70 కిలోమీటర్లు దాటి ప్రయాణించి, నేపియర్ వంతెన పక్కన సముద్రంలో కలుస్తుంది. ఊరి బయట అది మామూలు ఏరే. ఊళ్ళోకి వచ్చాకే దాని తలరాత మారుతుంది. దాని మీద పడవలు నడపాలని ఎవరూ అనుకోలేదనుకోకండి. 1970ల మొదట్లో కూవాన్ని బాగుచేసి, రేవులు కట్టించి, విహార పడవలు నడిపారు. కొన్నాళ్ళకే ఆ ముచ్చట తీరిపోయింది.

మురుగు ఒక్కటే దీనికి కారణం కాదు. ఈ తీరం వెంబడి అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఓడరేవు గోడలు కట్టాక ఆ ఇసుక వాటికి దక్షిణంగా ఆగడం మొదలైంది. మెరీనా అంత వెడల్పయింది ఆ ఇసుకతోనే. కూవం మొగకు అడ్డంగా మేట పడేదీ ఆ ఇసుకే. పైగా మన గౌతమి మొగ దగ్గరలాగా ఇక్కడ ఏరు బలంగా పారదు. వానలు కురిసే రెండు మూడు నెలలు తప్ప పైనుంచి వచ్చే నీరే తక్కువ. వెలుపలి నుంచి సముద్రం లోపలికి రాదు, లోపలి నీరు బయటికి పోదు. నిలిచిన నీటిలో మురుగు చేరితే ఏమవుతుందో వంతెన మీద ముక్కు మూసుకొనే ప్రతి మనిషికీ తెలుసు.

అడయారు పరిస్థితి కొంచెం నయం. 1867లో మొదలైన మద్రాసు బోట్ క్లబ్బు వాళ్ళు ఇప్పటికీ ఆ నది మీద సన్నని, పొడుగాటి పడవల్లో తెడ్లు వేస్తారు. తెల్లవారుజామున ఆ పడవలు నీటిని కోసుకుంటూ పోవడం చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది సభ్యుల వ్యాయామం, చుట్టాల విహారం కాదు. అడయారు నీటిని దగ్గరగా చూడాలనుకునేవారు దాని పాయ ఒడ్డున ఉన్న తొల్కాప్పియ పూంగాకు వెళ్ళవచ్చు. మొదటి విడతలో 58 ఎకరాల్లో తయారైన ఉద్యానం అది. కొంగలు, నీటికోళ్ళు కనిపిస్తాయి. అక్కడ నడకే, పడవ లేదు. ప్రవేశం ఏ రోజు, ఏ వేళ అన్నది ముందే కనుక్కొని వెళ్ళాలి.

కాబట్టి చెన్నైలో పడవ ఎక్కడమంటే నది మీద కాదు, సముద్రానికి పక్కనే పరుచుకున్న ఉప్పుటేరు మీద, లేదా చెరువు మీద. ఈ ఒక్క సంగతి చుట్టాలకు ముందే చెప్పేస్తే సగం నిరాశ తప్పుతుంది. నేను మామయ్యకు ముందే చెప్పలేదు.

పడవను చూసి కాదు, పక్కన కూర్చునేవాళ్ళను చూసి

అందరూ మొదట అడిగేది "స్పీడు బోటు ఉందా, పెడలు బోటు ఉందా, టికెట్ ఎంత" అని. నన్నడిగితే అది చివరి ప్రశ్న. మొదట అడగాల్సింది ఎవరు వస్తున్నారని. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఊగే పడవలోకి దిగగలరా? నాలుగేళ్ళ పిల్ల ఎండలో ఎంతసేపు కూర్చుంటుంది? వచ్చేవారికి నీటి మీద వేగం కావాలా, నిశ్శబ్దం కావాలా? రెండూ ఒకే చోట దొరకవు. తర్వాతి ప్రశ్న మీ దగ్గర గంట ఉందా, పూటంతా ఉందా, రెండు రోజులున్నాయా అని. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే కింది అయిదు చోట్లలో మూడు వాటంతట అవే తప్పుకుంటాయి.

గంటలో తేలిపోవాలంటే చేట్‌పట్

ఊరి నడిబొడ్డున, చేట్‌పట్ రైల్వే స్టేషనుకు దగ్గరలోనే ఒక చెరువుంది. మత్స్యశాఖ దాన్ని బాగుచేసి 2016లో ఉద్యానంగా తెరిచింది. బీచ్ నుంచి తాంబరం వైపు వెళ్ళే లోకల్ రైలు దిగి నడిచిపోవచ్చు. పిల్లలు కాళ్ళతో తొక్కే పడవ ఎక్కుతారు, పెద్దలు గట్టు చుట్టూ నడుస్తారు, గాలం వేసి చేపలు పట్టే సరదా ఉన్నవాళ్ళకు అదీ ఉంది. నీరు చిన్నది, గట్టు దగ్గర, భయం తక్కువ. అయితే అది చెరువే. చుట్టూ మేడలు కనిపిస్తాయి, రైలు కూత వినిపిస్తుంది. గోదావరి చూసిన కళ్ళకు అది గంగాళంలో నీళ్ళలా అనిపించవచ్చు. పదేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం నేను ఇంకెక్కడికీ తీసుకెళ్ళను. వాళ్ళకు కావలసింది నీళ్ళు చిమ్మడమే కాని దృశ్యం కాదు.

అందరూ వెళ్ళేది ముట్టుకాడు

ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఊరికి దక్షిణంగా సుమారు 36 కిలోమీటర్ల దూరంలో, కోవళం దాకా వెళ్ళకముందే ముట్టుకాడు వస్తుంది. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట రోడ్డు వంతెన దాటుతుంది. తమిళనాడు పర్యాటక సంస్థ 1984లో ఇక్కడ బోటు హౌసు పెట్టింది. తెడ్డు పడవలు, తొక్కుడు పడవలు, మోటారు పడవలు, స్పీడు బోట్లు అన్నీ ఉన్నాయి. ఈమధ్య రెండంతస్తుల పడవ మీద భోజనశాల కూడా వచ్చింది. కొత్త పెళ్ళికొడుకులకు, పుట్టినరోజులకు ఆ భోజనశాల బాగుంటుంది. అందులో వెళ్ళాలంటే ముందుగా ఫోను చేసి వేళ ఖాయం చేసుకోవాలి.

ముట్టుకాడు బలం పడవల్లో లేదు, అది ఉన్న చోటులో ఉంది. పూటంతా ఖాళీ ఉన్న కుటుంబానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఉదయం బోటు హౌసు తెరిచే వేళకే వెళ్ళి పడవ ముగించుకోండి. తర్వాత దగ్గరలోనే ఉన్న దక్షిణచిత్రలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళ మధ్య తిరగండి. కోస్తా ఆంధ్ర చుట్టిల్లు అక్కడ ఉంది. మా అమ్మ దాన్ని చూసి, "మా నాయనమ్మ ఇల్లు ఇట్లాగే ఉండేది" అని అరగంట అక్కడే కూర్చుంది. దక్షిణచిత్రకు మంగళవారం సెలవు. ఇంకా ముందుకు పోతే సోమవారం సెలవుండే మొసళ్ళ బ్యాంకు, ఆపైన మహాబలిపురం. ముట్టుకాడు మీద ఆశ పెట్టుకొని కాకుండా, ఈ దారిలో ఒక మజిలీగా వెళ్ళినవాళ్ళే సంతోషంగా తిరిగి వస్తారు. దాని కోసమే వెళ్ళినవాళ్ళు అరగంట పడవకు రెండు గంటల ప్రయాణమా అని గొణుగుతారు.

వేళ గురించి ఒక మాట. చెన్నైలో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి ఒడ్డు మీదికి తిరుగుతుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళకు అది వరం, ఎండ చల్లబడుతుంది. పడవలో ఉన్నవాళ్ళకు మాత్రం నీరు గరుకవుతుంది. చిన్న తెడ్డు పడవ గాలికి ఎదురు పోవాలంటే భుజాలు పడిపోతాయి. మా బావమరిది ఒకసారి మధ్యాహ్నం మూడింటికి తెడ్డు పడవ తీసుకొని అవతలికి సునాయాసంగా పోయాడు. గాలి తోడైంది కదా. తిరిగి రావడానికి ఆయాసపడి, చివరికి మోటారు పడవవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. తెడ్డు, తొక్కుడు పడవలు ఉదయమే. మధ్యాహ్నం తప్పకపోతే మోటారు పడవ ఎక్కండి.

జనం వద్దనుకుంటే ముదలియార్‌కుప్పం

అదే రోడ్డు మీద మహాబలిపురం, కల్పాక్కం దాటి, చెన్నైకి 90 కిలోమీటర్లు పైబడిన దూరంలో ఇంకో బోటు హౌసు ఉంది. దానికి ఇంగ్లీషులో వాన చినుకు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఒడియూరు ఉప్పుటేరు విశాలంగా, నిమ్మళంగా ఉంటుంది. పడవ మిమ్మల్ని అవతల, నీటికీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక తిన్నె మీద దించుతుంది. ఒకవైపు కదలని నీరు, ఇంకోవైపు అలలు. నాకు ముట్టుకాడు కన్నా ఇదే ఇష్టం. కానీ సొంత కారు లేకపోతే రాకపోకలు తలనొప్పి. తినడానికి, తాగడానికి మన సంచిలోనే ఉండాలి. ఇసుక తిన్నె మీద నీడ కోసం వెతకకండి, టోపీ పెట్టుకోండి. పెద్దవాళ్ళకు ఇసుకలో నడక కష్టం.

రెండు రోజులుంటే పిచ్చావరం

ఇది చెన్నై పక్కన కాదు. చిదంబరానికి తూర్పున సుమారు 15 కిలోమీటర్లలో ఉంది, ఇక్కడి నుంచి 200 కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అయినా ఈ పోలికలో చేర్చడానికి కారణం ఉంది. పైన చెప్పిన చోట్ల పడవ ఎక్కేది నీటిని చూడడానికి. పిచ్చావరంలో పడవ ఎక్కకపోతే చూసేదే లేదు. వెళ్ళార్, కొళ్ళిడం అనే రెండు నదుల మధ్య 1,100 హెక్టార్ల మేర మడ అడవి. దాని లోపల ఇంటి సందుల్లాగా ఇరుకు కాలువలు. మన కోరంగిలో చెక్క వంతెన మీద నడుస్తూ మడ చెట్లను పైనుంచి చూస్తాం. ఇక్కడ పడవలో కూర్చుని కొమ్మల కింద నుంచి దూరతాం. తల వంచకపోతే ఉప్పుపొన్న వేళ్ళు నుదుటికి తగులుతాయి. 2022లో దీనికి ముఖ్యమైన చిత్తడి నేలలకు అంతర్జాతీయంగా ఇచ్చే రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2004 సునామీ వచ్చినప్పుడు ఈ అడవి వెనక ఉన్న పల్లెలకు దెబ్బ తక్కువ తగిలిందని చెప్పుకుంటారు. దట్టమైన ఆ వేళ్ళ అల్లిక చూస్తే నీటి జోరును అవి ఎలా విరుస్తాయో అర్థమవుతుంది.

ఇక్కడ ఎంపిక ఒక్కటే, అది ముఖ్యమైనది. మోటారు పడవ వెడల్పయిన కాలువల్లోనే తిరుగుతుంది. అడవి లోపలి సందుల్లోకి వెళ్ళేది తెడ్డు పడవే. తొందరగా అయిపోతుందని మోటారు పడవ ఎక్కితే ఇంత దూరం వచ్చి గుమ్మంలోంచి తిరిగిపోయినట్టే. ఎంతసేపు, ఎక్కడిదాకా అనేది ఎక్కకముందే పడవ మనిషితో స్పష్టంగా మాట్లాడుకోండి. ఎగ్మూరు నుంచి రైలు ఎక్కి, చిదంబరంలో నటరాజు దర్శనం చేసుకొని, రాత్రి అక్కడే పడుకొని మర్నాడు పొద్దున్నే పడవ ఎక్కడం మంచి లెక్క. ఒక్క రోజులో వెళ్ళి రావాలని కారు తీసేవాళ్ళకు నడుము నొప్పే మిగులుతుంది.

ప్రళయకావేరి: ఇటు వద్దు, అటు సరే

చెన్నైకి ఉత్తరంగా ఉన్న పులికాట్ సరస్సును మన వాళ్ళు ప్రళయకావేరి అంటారు. చిల్కా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో. మధ్యలో అడ్డంగా శ్రీహరికోట దీవి ఉండడం వల్లనే సముద్రం నుంచి ఇది విడిగా నిలిచింది. ఈ చెన్నై పోలికలో తెలుగువాడికి సొంత ఇంటిలా ఉండేది ఈ నీరే. అయితే సరస్సుకు రెండు కొసలున్నాయి. ఏ కొసకు వెళ్తున్నామో తెలుసుకొని వెళ్ళాలి.

తమిళనాడు వైపు పళవేర్కాడు ఊరు. చెన్నై నుంచి 60 కిలోమీటర్లు, పొన్నేరి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. డచ్చివాళ్ళు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. వాళ్ళ సమాధుల తోట ఇప్పటికీ ఉంది. గేటుకు రెండు వైపులా రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి, పిల్లలు వాటిని మరచిపోరు. ఊరు చూడండి, చేపల బజారు చూడండి, సమాధుల మీది చెక్కడాలను చూడండి. పడవ మాత్రం వద్దు. 2011 డిసెంబరు 25న పండుగ విహారానికి వచ్చిన ఒక బృందం పడవ ఇక్కడ తిరగబడి 22 మంది మరణించారు. ఆ తర్వాత విహార పడవల మీద నిషేధం పెట్టారు. ఒడ్డున ఎవరైనా వచ్చి, "రండి, మొగ దాకా తీసుకెళ్తాను" అంటే నమస్కారం పెట్టి తప్పుకోండి. చేపల పడవ చేపల కోసం కట్టినది. దానికి అంచు తక్కువ. అందరూ ఒకే వైపు ఫోటోకు వంగితే అంతే సంగతులు.

ఆంధ్ర వైపు కథ వేరు. తడ స్టేషనులో దిగి ఆటో మాట్లాడుకుంటే సరస్సు ఒడ్డున భీములవారిపాళెం వస్తుంది. ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ పడవల రేవు అక్కడ ఉంది. ఇరుకం దీవికి జనం దాటేది కూడా అక్కడి నుంచే. పడవలు ఏ రోజుల్లో నడుస్తున్నాయో బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోవాలి. నీరు తగ్గినా, గాలి పెరిగినా ఆపేస్తారు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఆ చుట్టుపక్కల కట్టడి ఎక్కువ, ఆ తేదీ కూడా చూసుకోండి.

ఈ సరస్సుకు వెళ్ళేవారిలో సగం మందికి పక్షుల మీదే మనసు. రాజహంసలని పత్రికలు రాసే ఫ్లెమింగోలు చలికాలంలో వేలల్లో దిగుతాయి. సూళ్ళూరుపేటలో వాటి పేరు మీద పండుగ కూడా చేస్తారు. వాళ్ళకు నా సలహా విచిత్రంగా ఉండవచ్చు: పక్షులు కావాలంటే పడవ ఎక్కకండి. అవి మోకాలి లోతు నీళ్ళలో బురద జల్లించుకుంటూ మేస్తాయి. పడవకు కావలసిన లోతు ఉన్న చోట అవి ఉండవు. చప్పుడు చేసుకుంటూ దగ్గరికి పోతే లేచిపోతాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. ఉదయాన్నే ఆ రోడ్డు పక్కన నిలబడి, ఒక బైనాక్యులర్ పట్టుకుంటే పడవలో కన్నా మెరుగ్గా కనిపిస్తాయి. గూడబాతులు (పెలికన్లు) కావాలంటే నేలపట్టు పక్షుల కేంద్రం అక్కడికి దగ్గరే. నీటి మీద ఊగడం కావాలా, పక్షులు కావాలా అన్నది తేల్చుకొని వెళ్ళడం మంచిది.

ఎక్కే ముందు

తెలుగువాళ్ళకు ఈ విషయంలో పాఠం చెప్పే అవసరం ఉండకూడదు. 2017 నవంబరులో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మరచిపోలేదు. అయినా లైఫ్ జాకెట్ ఇస్తే భుజం మీద కండువాలా వేసుకునేవాళ్ళను ప్రతిసారీ చూస్తాను. దాని పట్టీలన్నీ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగితే గడ్డం దాకా రాకూడదు, వస్తే అది వదులు. పిల్లలకు పిల్లల కొలతదే అడగండి, పెద్దది ఇస్తే నీటిలో జారిపోతుంది. పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉంటే చదవండి, రాసి లేకపోతే సరంగును అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే ఎక్కకండి. ఒక బోటు హౌసులో నేను పిల్లల జాకెట్ అడిగితే, "అరగంటకు ఏమవుతుందండీ" అన్నారు. టికెట్ డబ్బులు వదిలేసుకొని వచ్చేశాం. మా పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కాలం విషయానికి వస్తే జనవరి, ఫిబ్రవరి బంగారం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. తుపాను హెచ్చరిక ఉంటే ఏ బోటు హౌసూ తెరవదు, తెరిచినా పోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది దాటితే నీటి మీది ఎండ కింద నుంచి కూడా కాలుస్తుంది.

ఇంకొకటి, సంక్రాంతికి చుట్టాలు వచ్చే ఇళ్ళకు ప్రత్యేకం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి మామయ్య ఆ రోజు గడప దాటనన్నారు. సరే, ముక్కనుమ నాడు వెళ్దామనుకున్నాం. మనకు ముక్కనుమ అయితే ఇక్కడివాళ్ళకు కాణుం పొంగల్. ఏడాదికొకసారి ఊరు ఊరంతా కట్టుకొచ్చిన భోజనాలతో నీళ్ళ ఒడ్డుకు వచ్చే రోజు. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటూ కూడా ఆ సంగతి ఆలోచించకపోవడం నా తెలివి. బోటు హౌసు వరస రోడ్డు మీదికి వచ్చింది. రెండు గంటలు నిలబడి, అత్తయ్య కాళ్ళు వాచాక వెనక్కి వచ్చాం. పొంగల్ నాలుగు రోజుల్లో మరే రోజైనా సరే, ఆ ఒక్కరోజు పడవ మాట ఎత్తకండి.

మేం చివరికి వెళ్ళింది

ఆ మర్నాడు ఫోను చేసి, భీములవారిపాళెంలో పడవ నడుస్తోందని తెలుసుకొని తెల్లవారుజామునే బయలుదేరాం. పెరంబూరు నుంచి రెండు స్టేషన్లు వెళ్ళి బేసిన్ బ్రిడ్జిలో సూళ్ళూరుపేట లోకల్ కోసం మారాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడి మామయ్యకు ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాను. బకింగ్‌హాం కాలువ పడవలు నిలిచే కొలను ఇక్కడే ఉండేది. కాకినాడ దగ్గర ఎక్కిన సరుకు గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ, పెదగంజాం మీదుగా ఈ కాలువలో పడి మద్రాసు చేరేది. బియ్యం, ఉప్పు, వంట చెరకు, అప్పుడప్పుడు మనుషులు. 1806లో చిన్నగా మొదలై, 1876-78 కరువులో కూలి పనుల కింద పెరిగి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకున్న కాలువ. ఇప్పుడు ఊళ్ళో దాని ఒడిలోనే ఎత్తు రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి. మామయ్య రైలు వచ్చేదాకా ఆ వైపే చూస్తూ ఉండిపోయారు. "అయితే మా తాతయ్య చెప్పిన మద్రాసు పడవలు వచ్చి ఆగింది ఇక్కడన్నమాట" అన్నారు. నది మీద లాంచీ లేదన్న కోపం ఆ ప్లాట్‌ఫారం మీదే సగం చల్లారింది.

ప్రళయకావేరి మీద పడవ గంటకు పైగా తిరిగింది. నీరు ఎంత తక్కువ లోతంటే ఒక చోట ఇంజను ఆపి గెడ వేశారు. గెడ వేసే మనిషిది మన భాషే, కాకపోతే ప్రతి మూడో మాటా తమిళం. మామయ్య ఆయనతో చేపల పేర్లు పోల్చుకుంటూ ఒక్కసారి కూడా దృశ్యం వైపు తల తిప్పలేదు. దూరంగా తెల్లగా, గీత గీసినట్టు పక్షులు. అత్తయ్య జాకెట్ పట్టీలు బిగించుకొని, సంచి ఒళ్ళో పెట్టుకొని, పడవ మధ్యలో కదలకుండా కూర్చున్నారు.

రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాం. కాళ్ళు కడుక్కొని కూర్చున్నాక అత్తయ్య నెమ్మదిగా అడిగారు: "స్టేషను పక్కనే ఏదో చెరువుందన్నావు కదా అబ్బాయ్, అక్కడికైతే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసేవాళ్ళం కదా?"